ఇద్దరి మధ్య పడిన షటిల్

బాపట్లలో పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పుతున్న జపాన్ క్రీడాకారిణి, ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చిన ఇల్లుగలావిడకు తన ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూపించింది.

"నా పాత జోడీ హరుకో, ఆంటీ. మళ్లీ ఒక్క ఏడాది కలిసి డబుల్స్ ఆడదాం రమ్మంటోంది."

"మరి వెళ్లవేం?"

"మోకాలు నొప్పండి."

"అబ్బో! మా మేడమెట్లు రెండేసి దూకేటప్పుడు లేని నొప్పా?"

ఆమె తల దించుకుంది. "నాలుగేళ్ల కిందట ఫైనల్లో చివరి షటిల్ మా ఇద్దరి మధ్య పడింది. నేనే తియ్యాల్సింది. తను తీస్తుందిలే అనుకున్నాను."

"తిట్టిందా?"

"ఒక్క మాట కూడా అనలేదండి. ముఖం చూపించలేక ఇక్కడికి వచ్చేశాను."

"తిట్టలేదని బాపట్ల దాకా పారిపోయి వచ్చినదాన్ని నిన్నే చూశాను! ఆ పిల్లకి జపాన్‌లో ఇంకెవరూ దొరకలేదా?"

"చాలామంది ఉన్నారండి."

"అయినా నిన్నే అడిగింది కదా!"

ఆమె ఆ మెసేజ్ మళ్లీ చదువుకుంది.

"సరేలే, ఫోన్ చెయ్యి. నాలుగు తిట్లు అడిగి తిను."

ఆమె ఫోన్ చేసింది. అవతలి గొంతు అందుకుంది, ఇక ఆగలేదు. వింటూ వింటూ ఆమె ఏడుస్తూనే నవ్వేసింది.

"ఏమంటోందే?"

"తిడుతోందండి! షటిల్ గురించి కాదు. నాలుగేళ్లు ఫోన్ చెయ్యనందుకు."