రేపల్లె వారి ఆయాసం

పంతొమ్మిది వందల డెబ్బై అయిదు, వేసవి. తెనాలిలో ఒక డాక్టరు, నిజాంపట్నం నుంచి వచ్చిన ఎండుచేపల వ్యాపారి ఛాతీ మీంచి స్టెతస్కోపు తీసి బల్ల మీద పడేశాడు.

"ఈ పిల్లికూతలు ఎన్నాళ్ల నుంచయ్యా?"

"ఆయాసం పదేళ్ల నుంచీ ఉందండి. మీ బీపీ బిళ్లలు మొదలెట్టాక ఎక్కువైందండి."

"ఆ బిళ్లలు రాసేముందు, ఆయాసం ఉందా అని అడిగానా లేదా?"

"అడిగారండి. లేదన్నానండి."

"ఎందుకన్నావు?"

"అది రేపల్లె డాక్టరు గారు చూస్తున్నారండి. ఇంకో డాక్టరు పేరెత్తితే మీరు చిన్నబుచ్చుకుంటారని..."

"ఆయాసం ఉన్నవాడు నా బిళ్ల వేసుకుంటే ఊపిరి బిగుసుకుపోతుందయ్యా! ఆయన ఏమిచ్చాడో చూపించు. రామ రామ, ఇది బీపీ పెంచుతుంది! నీకు బీపీ ఉందని ఆయనకి చెప్పావా?"

"ఆయనా అడిగారండి. లేదన్నాను. అది మీరు చూస్తున్నారు కదండీ."

"అందుకా, నెలనెలా నేను బిళ్లలు పెంచుతున్నా నీ బీపీ దిగనిది!"

"ఆయన కూడా పెంచుతున్నారండి."

డాక్టరు తల పట్టుకున్నాడు.

"నా బిళ్ల ఇవాళ్టితో మానెయ్. వేరేది రాస్తాను. ఇక ఏ డాక్టరు దగ్గరా ఏ జబ్బూ దాచకు."

"ఒట్టండి, దాచను."

"ఇంకేం జబ్బుల్లేవు కదా?"

"మీ దగ్గరైతే లేవండి."

"మరి ఎవరి దగ్గరున్నాయి?"

"బాపట్ల డాక్టరు గారి దగ్గర సుగరుందండి."