కత్తిపీట మీద తెగిన డిక్షనరీ

గవరయ్యకి తమ్ముడంటే ఒకటే కడుపుమంట అనుకో. తమ్ముడు బుల్లియ్య ఏం చేశాడు పాపం అంటే, చదువుకున్నాడంట, అదే తప్పు. ఈళ్ల నాన్న కాలవ బంగళాలో వంటవాడు. పాత దొర సీమకెళ్లిపోతా ఓ లావుపాటి డిక్షనరీ ఆయన చేతిలో పెట్టి పోయాడంట. ఇంగిలీసు మాటకి తెలుగు అర్థం రాసుంటది అందులో. అన్నదమ్ములిద్దరికీ అక్షరాలొచ్చు, కానీ ముట్టుకుంది బుల్లియ్యే. నాన్న పోయాక, పొద్దు పొడిస్తే చాలు, అరుగు మీద కూచుని మొదటికాణ్ణించి పట్టాడు. మాట చదవడం, కళ్లు మూసుకోడం, అర్థం అప్పజెప్పుకోడం. మళ్లీ చదవడం, మళ్లీ కళ్లు మూసుకోడం. ఇంతలో ఏమైందంటే, బంగళాకి కొత్త దొరొచ్చాడు. రైతుల మాట తనకీ, తన మాట రైతులకీ చెప్పే మనిషి కావాలన్నాడంట. ఇంకేముంది, ఆ ఉద్యోగం బుల్లియ్యదే అంది ఊరంతా. గవరయ్యకి ముద్ద దిగలేదు. నాన్న గరిటె తిప్పిన బంగళాలో ఆడు కుర్చీ ఏసుక్కూచుంటే పెద్దోణ్ణి నేను చూడాలా, అని పెళ్లాం మీద ఎగిరాడంట. "మీరూ చదవండి, ఎవరొద్దన్నారు?" అందావిడ. ఆ మాటతో ఇంకా మండింది. పెద్దమనుషుల్ని పిలిచి పంపకాలు పెట్టాడు.

గిన్నెలు పంచారు, గేదెల్ని పంచారు, ఆఖర్న "డిక్షనరీ కూడా నాన్న సొత్తే, సగం నాది" అన్నాడంట. పెద్దమనుషులు మొహామొహాలు చూసుకున్నారు. పంపకమంటే పంపకమే కదా మరి. వాటాలు పెద్దోడు వెయ్యాలి, ముందు చిన్నోడు ఎంచుకోవాలి, మన కట్టడి అది. గవరయ్య కత్తిపీట తెచ్చి పుస్తకాన్ని నడిమికి కసక్కున కోశాడు. మీరు నవ్వుతున్నారు గానీ, బుల్లియ్యకి కళ్లల్లో నీళ్లు తిరిగాయంట. ముందు ముక్క ఎలాగూ నోటికొచ్చేసింది కదాని, వెనక ముక్క తీసుకున్నాడు. గవరయ్యకి ఈ సంగతి తట్టలేదు. మొదలు నా దగ్గరుంటే ఆడేం చదువుతాడులే అని మీసం దువ్వాడు. బుల్లియ్య వెనక ముక్కా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిపోయాడంట.

అప్పుడు కసికొద్దీ చదివాడయ్యా గవరయ్య! తన ముక్కంతా నోటికొచ్చేసింది. ఇంతలో బంగళాలో పనెక్కువై దొర ఇంకో మనిషిని తెమ్మన్నాడు. బుల్లియ్య పరిగెత్తుకొచ్చి, "అన్నయ్యా, నీ పేరు చెప్పాను. ఇదిగో, ఈ ముక్క కూడా చదువుకో" అని తన సగం ఇచ్చాడంట. పుచ్చుకున్నాడా? "ఆడు తినగా మిగిలింది నాకు పెడతాడా!" అని నీళ్లపొయ్యిలో కుక్కాడు. దొర ముందుకెళ్లి సగం మాటలతో, సగం చేతులూపుడుతో నెగ్గుకొద్దామని చూశాడు. దొరకి ముక్క అర్థం కాలేదు. బుల్లియ్య బతిమాలగా పోనీలే అని పంకా లాగే పని ఇచ్చాడంట.

ఇంక చూడు, తాడు లాగితే గాలి దొరకీ తగులుద్ది, పక్కనే కుర్చీలో ఉన్న తమ్ముడికీ తగులుద్ది. ఈడికి తగలకుండా దొరకే తగిలేలా లాగడం ఎలాగా అని బతికినన్నాళ్లూ అదే ఆలోచనంట. "హాయిగా ఉందన్నయ్యా" అని తమ్ముడన్నాడా, ఆ పూట అన్నం సయించేది కాదు. ఇంగిలీసు సగమే వచ్చింది గానీ బాబూ, ఏడుపు మాత్రం పూర్తిగా నేర్చుకున్నాడు.