నెలకో కాగితం

బొగ్గుబాయి ఆఫీసులో, పొద్దుటి షిఫ్టు కిందికి దిగిన గంటకు, గ్యాసు కొలిచే సర్దారు పటాలు గీసే గుమాస్తా బల్ల ముందు నిలబడ్డాడు.

"సారూ, బాయిల నా దీపం మీద నీలిమంట రోజురోజుకు పొడుగైతుంది. గ్యాసు పెరిగితేనే గట్లైతది, నాకు భయమైతుంది."

"ఫికర్ చెయ్యకు సర్దారన్నా. గీ మూడు నెలల కాగితాలు చూడు. మూడిట్ల గీత ఒకటే ఎత్తున ఉన్నది."

"ఒక్క గడికి ఎంత గ్యాసు లెక్క?"

"జూన్‌ల వెయ్యి పాళ్ల గాలికి ఒక పాలు, జులైల రెండు, ఆగస్టుల నాలుగు."

"నెలనెలా లెక్క మార్చినవా!"

"మార్చకుంటే గీత కాగితం దాటిపోతది. పెద్దసారు ముందు చక్కగ కనవడాలె గద."

"మూడు నెలలు ఒకటే లెక్కల, ఒకటే కాగితం మీద గియ్యి సారూ. నీకు దండం పెడత."

పెన్సిల్ కాసేపు కదిలి ఆగిపోయింది.

"ఏమాయె? ఆపినవేంది?"

"జాగ అయిపోయిందన్నా. ఆగస్టుది సగం గూడ గియ్యలే, గీత ఇంకా మీదికే పోతుంది. ఇంకో కాగితం అతికించాలె."

"అతికియ్యకు. ముందుగాల కిందికి ఫోన్ చెయ్యి, అందర్నీ మీదికి రమ్మను. అరవై మంది ఉన్నరు. మా తమ్ముడు మొగిలి గూడ అండ్లనే ఉన్నడు."

"చేస్తున్ననే."

"ఏమంటున్నరు?"

"మోగుతుందన్నా. ఎవ్వలూ ఎత్తుతలేరు."