వెనక అట్ట మీద నాలుగు మాటలు

హలో… ఆ, నేనే. ఝాన్సీ వదినని. నంబరు కనపడుతుంటే ఎవరండీ అంటావేంటి సుజనా?

… కళ్ళజోడు పగిలిందా. ఎప్పుడు? … ఆ గురువారం పొద్దున్నా. సరే, ఆ సంగతులిప్పుడెందుకులే. పనుండి చేశాను.

… ఏడుస్తున్నావా? … జలుబా. మంచిది. ఏడ్చేదేమన్నా ఉంటే ఎల్లుండి పెద్దకర్మకి దాచుకో. నలుగురూ వస్తారు.

విను. పుస్తకాలొచ్చాయి. … అదేనమ్మా, తమ్ముడి పేరున పంచేవి. ఐదొందలు కొట్టించాను. … భగవద్గీత కాదని మొన్నే చెప్పానుగా. ఎవరు పోయినా అదే పంచుతున్నారు. ఒక్కో ఇంట్లో అటక మీద నాలుగేసి ఉన్నాయి. మనది అలా కాదు. 'ఆరోగ్యానికి, ఆదరువుకి పనికొచ్చే వెబ్‌సైట్లు.' నలభై పేజీలు. అంతా నేనే కూచుని వెతికి రాశాను.

… పది రోజుల్లోనే. ఏం, తమ్ముడు పోతే చేతులు ముడుచుకు కూచోవాలా నీలాగా?

ముందు అట్ట మీద వాడి ఫోటో. తిప్పగానే నాది. 'సేకరణ: శ్రీమతి ఝాన్సీలక్ష్మి, తెనాలి.' … వాడిదానికన్నా పెద్దదే. నువ్వు చిన్న ఫోటో పంపావు మరి, లాగితే మొహం చెదిరిపోతుందన్నాడు ప్రెస్సతను.

లోపల అన్నీ ఉన్నాయి. ఆరోగ్యశ్రీలో ఏ జబ్బుకి ఏ ఆసుపత్రో చూసుకునే సైటు, ఇంట్లో కూచుని డాక్టరుతో మాట్లాడుకునేది, రక్తం కావాలంటే అడిగేది… ఏడో పేజీ నువ్వు చూసుకో. నీ కోసమే వేయించాను. … వితంతు పింఛను. ఏ కాగితాలు కావాలో, ఎక్కడ నొక్కాలో, వరసగా ఉంది.

… ఏంటలా ఊపిరి పీలుస్తావు? ఉన్నమాటేగా.

అజయ్ బాబు చేశాడా నీకు? … ప్రెస్సు అజయ్ బాబు. వెనక అట్ట ఖాళీగా ఉంటే బాగోదండీ అన్నాడు. మా తమ్ముడి భార్యకి వదిలెయ్యి, నాలుగు మాటలు రాసుకుంటుంది అన్నాను. … రాసిచ్చావా. శభాష్.

… లేదు, చూళ్ళేదింకా. ప్రూఫు ఫోనుకి పంపాడు గానీ, నా పేరు సరిగ్గా పడిందో లేదో చూసి అచ్చు కొట్టెయ్యమన్నాను. నీ ఏడుపు నేనేం చదవను, తెలిసిందేగా.

… పంచటమా? నిన్నే మొదలెట్టాను. ఎల్లుండి దాకా ఆగితే మీ రేపల్లెవాళ్ళు తప్ప ఎవరు చూస్తారు? డాక్టర్ భువనేశ్వరి గారికి నేనే వెళ్ళి ఇచ్చొచ్చాను. ముందుమాట చదివి, ఎంత మంచి పని చేశారండీ అంది. క్లినిక్కులో బల్ల మీద ఇరవై పెట్టించింది. పొద్దున్న మీ అన్నయ్యగారు వాకింగుకెళ్తూ ఒక కట్ట పట్టుకెళ్ళారు. బాపట్ల వియ్యాలవారికి డ్రైవరుతో యాభై పంపాను. వాళ్ళ బంధువులందరికీ అందాలిగా. వియ్యపురాలు పొద్దున్నించీ నాలుగుసార్లు చేసింది. మెచ్చుకోడానికేలే. స్నానమయ్యాక తీరిగ్గా మాట్లాడదామని ఎత్తలేదు.

… అవును, యాభై. అన్నీ అందాయట. ఎందుకన్నిసార్లు అడుగుతావు?

ముందుమాట చదువుతాను, విను. 'మా తమ్ముడు శ్యాంప్రసాద్ నలభై ఆరేళ్ళకే మాకు దూరమయ్యాడు. వచ్చింది గుండెనొప్పి అని గుర్తించే పరిజ్ఞానం ఇంటి ఇల్లాలికి లేకపోవడమే అందుకు కారణం. అలాంటి అజ్ఞానం మరొక ఇంటి దీపాన్ని ఆర్పకూడదనే ఈ చిన్న ప్రయత్నం.' … ఎలా ఉంది?



… నీ పేరు రాయలేదుగా! 'ఇల్లాలు' అన్నాను, అంతే. … ఆ ఇంట్లో ఇల్లాలు ఒక్కతే ఉంటే నన్నేం చెయ్యమంటావు? … సునీల చదువుతుందనా? చదవనీ. డిగ్రీ చదువుతున్న పిల్ల, వాళ్ళ నాన్న ఎందుకు పోయాడో తెలుసుకోవద్దూ?

… ఆ వాక్యం తీయించడం ఇప్పుడెలా కుదురుతుంది? అచ్చయిపోయింది, ఊరంతా తిరుగుతోంది.

… చూడు సుజనా, ఒకళ్ళ మీద పడాలి. మగాడు నలభై ఆరేళ్ళకి ఊరికే పోయాడంటే లోకం ఊరుకోదు, ఎవరో ఒకళ్ళని అంటుంది. నీ మీద పడితే ఏం పోతుంది? నువ్వెక్కడికి వెళ్ళాలి, ఎవరిముందు నిలబడాలి? నాకలా కాదు. మా అబ్బాయి సుమంత్ పెళ్ళి పెట్టుకున్నాను. నలుగురిలో తిరిగేదాన్ని.

… సరే, అసలు పనికొస్తాను. ఫోన్ స్పీకర్లో పెట్టు. పక్కన ఎవరున్నారు? … సునీలని లోపలికి పంపు. … వెళ్ళిందా? తలుపెయ్యి.

వాట్సాప్‌లో నా పేరు తెరువు. … తెరిచావా. ఆ గురువారం దాకా పైకి జరుపు. … కళ్ళజోడు లేకపోయినా రంగులు కనపడతాయిగా. పొద్దున్న ఆరుంపావుకి నాదొకటి ఉంటుంది, కింద నీలంగా లింకు. … ఆ, అదే. దాన్ని నొక్కిపట్టుకో.

… నా వైపు ఎప్పుడో తీసేశాను. రెండు రోజులు దాటితే అవతలివాళ్ళ ఫోన్లో పోదట. అందుకే నీ చేతుల్తో తియ్యాలి. ఎల్లుండి ఇంటి నిండా చుట్టాలుంటారు. ఏ కుర్రకుంకో ఫోటోల కోసం నీ ఫోను తిప్పితే?

… కళ్ళ దగ్గర పెట్టుకుని చదవక్కర్లేదు. నేను రాసిందే. … చదవొద్దన్నానా!

… 'వాయువే' అన్నాను, అయితే? ఆ సైట్లో అలాగే ఉంది. ఛాతీలో మంట, చెమటలు, త్రేన్పులు… వాయువని రాసుంది, వామునీళ్ళు తాగమని రాసుంది. నేను కల్పించానా? … కిందదాకా చదవలేదు. కింద ఇంకేదో ఉంటే నాకేం తెలుసు? ఇంటి నిండా పూలవాళ్ళు, వంటవాళ్ళు, నాకు చదివే తీరికుందా? నువ్వే కిందదాకా చదువుకోవాల్సింది.

… అవును. 108 పిలవద్దన్నది సైటు కాదు, నేనే. సరేనా? పది గంటలకి నా కొడుకు తాంబూలాలు పెట్టుకుని, పిల్లవైపువాళ్ళు బాపట్లలో కార్లెక్కుతుంటే, మేనమామని అంబులెన్సులో ఎక్కించారని కబురొస్తే ఎలా ఉంటుంది? శుభమా అంటూ! … వాడు నటిస్తున్నాడనుకున్నాను. చిన్నప్పట్నించీ అంతే వాడు, ఇంట్లో నా పండగైతే వాడికి కడుపునొప్పొచ్చేది.

… నన్నడగమని ఎవరు చెప్పారు నీకు? … వాడే చెప్పాడా. అక్కకి చెయ్యి, అక్కకి అన్నీ తెలుసు అన్నాడా.

… సర్లే. దాన్ని తీసేశావా? 'డిలీట్' అని ఎర్రగా వస్తుంది. … పోయిందా. ఇంకొంచెం కిందకి రా. నీదొకటుంటుంది, ఏడూ నలభైకి. 'ఆయన పోయారు వదినా' అని. అది కూడా తీసెయ్యి.

… చూశాను. నీలం టిక్కులు పడ్డాయి కదా, చూళ్ళేదని ఎవరన్నారు? అప్పటికే పంతులుగారు వచ్చి పీటలేయిస్తున్నారు. పోయినవాడెలాగూ పోయాడు, కుదిరిన ముహూర్తం కూడా పోవాలా?

… నువ్వు ఆరుసార్లు చేసినా, పదహారుసార్లు చేసినా ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే ఏడవాలి. ఏడిస్తే అందరికీ తెలుస్తుంది. పట్టుచీరలో నవ్వుతూ కూచున్నాను మూడు గంటలు. నీకేం తెలుసు నేను పడ్డ నరకం?

అందుకే పదకొండింటికి తెలిసిందని చెప్పాను అందరికీ. తాంబూలాలయ్యాక తెలిసిందని. నువ్వూ అదే చెప్పు. బాపట్లవాళ్ళకి పట్టింపులెక్కువ. సొంత తమ్ముడు పోయాడని తెలిసి కూడా తాంబూలాలు పుచ్చుకున్నానని తెలిస్తే, మళ్ళీ మన గడప తొక్కరు. పిల్ల ఒక్కతే కూతురు వాళ్ళకి.

… తీశావా? రెండూనా? … సునీల మీద ఒట్టెయ్యి. … గట్టిగా చెప్పు. … ఆ. ఇదిగో, ఇలా చెప్పినమాట వింటే ఎంత బాగుంటుంది! నాకిన్నాళ్ళకి మనసు కుదుటపడింది.

… ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావనుకోలేదు సుమా. సునీలకి సంబంధం నేనే చూస్తాలే, దిగులుపడకు. ఇంకోటి, నాకు ఊరికే ఫోన్ చేసి ఏడవకు. పదకొండో పేజీలో నంబరుంది, మనసు బాగోలేనివాళ్ళ కోసం. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. తెలుగులోనే మాట్లాడతారు. ఓపిగ్గా వింటారు వాళ్ళు, వినడమే వాళ్ళ పని. దానికి చెయ్యి.

… ఏంటి?

… వెనక అట్టా? ఎల్లుండి చూస్తాలే. … ఇప్పుడే ఎందుకు? … కట్ట ఇక్కడే ఉంది. అబ్బ, ఆగు, తీస్తున్నాను. ఏం రాశావేంటి అంత, దండకమా?

… ఆ, తిప్పాను. 'శ్యాంప్రసాద్ భార్య సుజన రాయునది.' … పైకి చదవనా? ఏం, నీ కళ్ళజోడు పగిలితే నేను చదివి పెట్టాలా? … సర్లే.

'మా ఆయన గురువారం పొద్దున్న ఛాతీ పట్టుకుని పడిపోయారు. నాకు తెలియక, ఈ పుస్తకం రాసిన మా వదినగారిని అడిగాను. ఆవిడ ఇచ్చిన…'

…

సుజనా.

… 'ఆవిడ ఇచ్చిన సలహా ఇది. ఉదయం 6:15. వాయువే. లింకు పంపాను, చదువు. వామునీళ్ళు పట్టు. 108 పిలిచి గొడవ చెయ్యకు. పదింటికి తాంబూలాలు, ఇద్దరూ ఇక్కడ…'

… ఆపేశాను. చాలు. … చాలన్నానా!

… '7:40. ఆయన పోయారు వదినా. 7:41. చూశారు. 10:15. తాంబూలాలు.'

… ఇంతేనా. ఇంకేం రాయలేదా? ఒక్క తిట్టయినా…

… అజయ్ బాబెలా వేశాడిది? బుద్ధుండక్కర్లా? … నేనే కొట్టెయ్యమన్నానా. అవును. నేనే అన్నాను.

… సుజనా, తల్లీ, విను. ఎన్ని పంచానో నాకే గుర్తులేదు. క్లినిక్కులో ఇరవై… మీ అన్నయ్యగారు… బాపట్ల… యాభై… దేవుడా. నాలుగుసార్లు చేసింది. నువ్వు చెప్పు. అబద్ధమని చెప్పు వాళ్ళకి. దుఃఖంలో మతి చెడి రాశానని చెప్పు. నీ మాటైతే నమ్ముతారు. ముందుమాటలో నీ మీద రాసింది తీయించేస్తాను, ఎల్లుండికల్లా మళ్ళీ అచ్చేయిస్తాను. నీ కాళ్ళు…

… ఇప్పుడే తీసేశాముగా, ఇంక అది అబద్ధమనడానికి దాఖలా ఎక్కడుందని అంటావా? అయ్యో, నాకూ లేకుండా పోయింది. అందులో నేను మంచిగా రాసినవి కూడా ఉన్నాయి, 'జాగ్రత్త' అని కూడా ఎక్కడో…

… ఏంటి? … మనసు బాగోకపోతేనా?

… పదకొండో పేజీయా?

… సుజనా, పెట్టెయ్యకు. సుజనా…

…

ఏమండీ! మీ ఫోనుకి ఎవరది చేస్తున్నది, చూడండి… బాపట్లా? … లేనని చెప్పండి. … ఎత్తేశారా! ఇవ్వండి, ఇవ్వండిటు.

హలో… ఆ, వదినగారూ… నేనేనండి. స్నానంలో ఉన్నానండి… పుస్తకాలు అందాయాండి?

… వెనక అట్టాండి? … లేదండి, నేనింకా చూళ్ళేదండి.

… పదకొండింటికేనండి తెలిసింది. మా సుమంత్ మీద ఒట్టండి.

… ఏం వెనక్కి పంపుతున్నారండి? … పుస్తకాలేనా?

… వదినగారూ, తాంబూలాల పళ్ళెం ఎందుకండి… హలో? … హలో?