ఒక్క రింగు

(నల్లగండ్ల. అపార్టుమెంటు గేటు. పొద్దున. సెక్యూరిటీ కిష్టయ్య, ఆఫీసుకు బయలుదేరిన రోహిత్.)

“ఆగు సార్, రోహిత్ సార్! గా యాప్ తీసెయ్యి.”

“ఏ యాప్, కిష్టయ్య గారూ?”

“మా ఇంటామె చంద్రమ్మ ఫోన్ల ఏసినవు గదా. లోన్ కావాల్నా, ప్లాట్ కావాల్నా అనేటోళ్లను ఆపుతదని.”

“అది మా కంపెనీదేనండీ! మళ్లీ వస్తున్నాయా ఫోన్లు?”

“ఒక్కటి రాదు. మస్తుగ పనిచేస్తది.”

“మరి?”

“మా ఆమె సంచి సదురుతున్నది. ఇయ్యాల బిడ్డ కాడికి పోతదట.”

“యాప్ వల్లా?”

“నా వల్ల.”

“నేనేం చెయ్యనండీ? నాకు మీటింగుంది.”

“జర ఇను సార్. మదీనాగూడ హైవే దాటి సైకిల్ మీద వస్త. గేటు కాడికి రాంగనే ఆమెకు ఒక్క రింగిచ్చి కట్ చేస్త. బతికొచ్చిన అన్నట్టు. అది ఇన్నంకనే ఆమె ముద్ద మింగుతది.”

“ఎత్తి మాట్లాడరా?”

“మాట్లాడనీకి ఇల్లున్నది గదా. నువ్వు యాప్ ఏసిన కాడికెల్లి ఆమె ఫోన్ మోగుతలేదు. ఇస్తున్ననే అంటే, అబద్ధమంటది. నా మీద మనసిరిగింది నీకు అంటది.”

“రోజూ ఒక్క రింగిచ్చి... అయ్యో.”

“ఏమైంది?”

“అలా కట్ చేసేది మోసగాళ్లండీ. అలాంటి నంబర్లను యాప్ దానంతటదే ఆపేస్తుంది. మీ పేరు ఆమె ఫోన్లో లేదా?”

“పేరెందుకు? గా టైంల నేను గాక ఎవరు చేస్తరు?”

“అది యాప్‌కి తెలియదుగా. మేం ఎవర్నీ ఏమీ అడగం. ఏం నింపక్కర్లేదు, ఏం నొక్కక్కర్లేదు. అదే మా గొప్ప.”

“అడగాలె సార్. నీ మొగుని నంబరేది అని ఒక్క మాట అడిగితే, సిగ్గుపడుకుంటనన్న చెప్తుండె.”

“అడిగితే జనం విసుక్కుంటారని...”

“ఇప్పుడు ఇసుక్కుంటలేదా? సంచి సదురుతున్నది!”

“సరే, సరే. ఉండండి, లాప్‌టాప్ తీస్తా. మీ నంబరు వదిలెయ్యమని ఇక్కణ్ణుంచే చెప్తా... ఆఁ, అయింది. చేసి చూడండి.”

“చేసిన. పోతున్నది.”

“ఇక కట్ చెయ్యండి. ఆమె తింటుంది, నేను మీటింగుకి పోతా.”

“చేస్తున్న, చేస్తున్న... అరె.”

“మళ్లీ ఆగిందా?”

“ఎత్తింది సార్! ఇన్నేండ్లల్ల గిదే మొదలు. జర చెప్పు, పెండ్లాంతోని ఫోన్ల ఏం మాట్లాడతరు?”