శ్యామలమ్మకు సాబ్ ఇచ్చిన మాట

అందరికీ నమస్కారం. అందరికీ సలాం.

ఈ హాలు మనకు ఇచ్చిన చౌటుప్పల్ చేనేత సంఘం పెద్దలకు ముందుగా దండం. ఆదివారం పూట పనులు మానుకుని, నకిరేకల్ నుంచి, అమ్రాబాద్ నుంచి కూడా బస్సులు మారి వచ్చిన మీ అందరికీ దండం. ముందు వరసలో కూర్చున్న సాబ్ భార్య జులేఖమ్మకు, బిడ్డ నిషాత్ అక్కకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. తొమ్మిది రోజులుగా ఆలోచిస్తున్నా మాట దొరకలేదు. ముస్తకీమ్ సాబ్ మనకు లేరు. ఆ మాట ఇప్పటిదాకా నా నోటితో అనలేదు. ఇప్పుడు అన్నాను. అయిపోయింది. ఇక ఏడుపు మొహం పెట్టను. ఎందుకంటే ఆయన ముందు ఎవరైనా ఏడుపు మొహం పెడితే, జ్వరం చూడాలని జేబులోంచి థర్మామీటరు తీసేవారు. మీకు తెలుసు కదా?

తెలియని వాళ్ల కోసం చెబుతాను. నా పేరు రోజారమణి. ఈ ఊరి మగ్గాల వీధి అమ్మాయిని. హైవే పక్కన టైర్ల దుకాణం మీద రేకుల కప్పు కింద రెండు గదులున్నాయి. అదే సాబ్ కార్ఖానా. కోడి లేకుండా గుడ్లను పొదిగే డబ్బాలు అక్కడ తయారవుతాయి. ఏడేళ్లుగా ఆ డబ్బాల్లో ఉండే కంప్యూటరు పని నాది. అంతకుముందు సాబ్ హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇరవై రెండేళ్లు కెర్నల్ డ్రైవర్లనే ప్రోగ్రాములు రాశారు. పెద్ద జీతం, పెద్ద కుర్చీ. అన్నీ వదిలేసి ఊరికి ఎందుకు వచ్చారని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఒక్కటే. "ఇరవై రెండేండ్లు ఎవ్వరియో యంత్రాలు నడిపిన బేటీ. నేను రాసింది ఏం చేస్తాందో ఒక్కపారన్న నా కండ్లతోని చూడొద్దా?"

చూశారు. కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికి రావడం చూసి, అరవై ఏళ్ల మనిషి చప్పట్లు కొట్టడం నేను చూశాను.

సాబ్‌కు వేడి కొలిచే పిచ్చి ఉండేదని వేరే చెప్పాలా? చాయ్ గ్లాసులో వైరు ముంచి, "డెబ్బై ఒకటి. జర ఆగు" అనేవారు. నిషాత్ అక్క పెళ్లి గుర్తుందా? ఒకవైపు నిఖా అవుతోంది. పెళ్లికూతురి తండ్రి కనిపించడం లేదు. ఎక్కడున్నారు? షామియానా వెనక, బిర్యానీ డేగ్చా దగ్గర. మూత సందులోంచి వైరు దూర్చి, చేతిలో మీటరు పట్టుకుని, "తొంభై నాలుగు. ఇంక పది నిమిషాలు దమ్ముంచు" అని బావర్చీకి చెబుతున్నారు. ఆ బావర్చీ అన్న మాట ఈ ఊరంతా చెప్పుకుంది. "పెండ్లిపిల్ల నాయినవని ఊకుంటున్న సాబ్. లేకుంటే గంటె నీ చేతికిచ్చి ఇంటికి పోతుంటి." కానీ మిత్రులారా, ఆ రోజు బిర్యానీ ఎట్లా ఉంది? తిన్నవాళ్లు చెప్పండి! జులేఖమ్మ నవ్వుతోంది. చాలు, నాకు కావలసింది అదే.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెబుతాను. విసుగు పడకండి. సాబ్ అయితే గంటసేపు చెప్పేవారు, నేను రెండు నిమిషాల్లో ముగిస్తాను.

కంప్యూటరులో బయటి గది, లోపలి గది ఉన్నాయనుకోండి. మనం చూసే తెర, అంకెలు, బటన్లు అన్నీ బయటి గది. అసలు పని జరిగే లోపలి గదిని కెర్నల్ అంటారు. అక్కడ ఒక్కో పరికరాన్ని చూసుకునే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటాం. వేడి కొలిచే చిప్‌కు ఒక డ్రైవర్, హీటరుకు ఒక డ్రైవర్. నేను కొత్తలో ఏం చేశానంటే, వేడి ఎంతో బయటి గదికి తెప్పించి, అక్కడ లెక్క చూసి, మళ్లీ లోపలికి హీటరుకు కబురు పంపేలా రాశాను. ఒకసారి తెర మీది ప్రోగ్రాము బిగుసుకుపోయింది. కబురు పంపేవాళ్లు లేరు, హీటరు ఆగలేదు. సాబ్ ప్లగ్గు పీకి, నన్ను కూర్చోబెట్టి అన్నారు. "బేటీ, మీ అమ్మ పొయ్యికాడ ఉన్నది. పోపుడబ్బ పక్కనే ఉన్నది. దానికోసం వాకిట్లకొచ్చి కేకేస్తదా? చెయ్యి చాపి అందుకుంటది. గట్లనే హీటరు డ్రైవరు లోపటనే చిప్పు డ్రైవరును అడగాలె. బయటోడు పన్నా, లేచినా, దానికేం ఫికర్?"

కెర్నల్ లోపల ఒక డ్రైవర్ ఇంకో డ్రైవర్‌ను కొలత అడిగి తీసుకోవడం గురించి లావు లావు పుస్తకాలున్నాయి. నాకు మాత్రం అది పోపుడబ్బాతోనే అర్థమైంది.

అర్థమైందని చెప్పాను కానీ, వెంటనే ఘనకార్యం ఒకటి చేశాను. అది చెప్పకుండా ఈ మైకు వదిలితే సాబ్ నన్ను క్షమించరు.

ఆ చిప్‌కు కొలిచే వైర్లు రెండు తగిలిస్తాం. ఒక్కో వైరు దారిని ఛానల్ అంటాం. సున్నా నంబరు ఛానల్ డబ్బా లోపల గుడ్ల పక్కన ఉంటుంది. ఒకటో నంబరు ఛానల్ డబ్బా బయట, గది గాలిలో ఉంటుంది. హీటరు డ్రైవర్ పేరు పెట్టి అడిగితే ఏ ఛానల్ ఇవ్వాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టిక నేను రాశాను. సున్నా రాయాల్సిన చోట ఒకటి రాశాను.

అంటే ఏమిటి? హీటరు గుడ్ల వేడి చూడటం లేదు, గది వేడి చూస్తోంది! మరి పరీక్షలో దొరకలేదా అంటారా? ఎట్లా దొరుకుతుందండీ? అది మే నెల. రేకుల కింద గది. మూడు రోజులు పట్టపగలు పరీక్ష చేశాం. గుడ్లకు కావలసింది ముప్పై ఏడున్నర. మా గది వేడి కూడా ముప్పై ఏడున్నర, ముప్పై ఎనిమిది! ఏ ఛానల్ చూసినా ఒకటే అంకె. భలే చక్కగా పనిచేస్తోందని నేను మురిసిపోయాను.

ఆ డబ్బా నకిరేకల్‌లో శ్యామలమ్మ ఇంటికి వెళ్లింది. నాటుకోళ్లు పెంచి ఇంటిని నిలబెట్టుకున్న మనిషి ఆమె. మధ్యాహ్నం మూడు వందల గుడ్లు పెట్టింది. సాయంత్రం మిరుగం వాన, అదే మృగశిర కార్తె తొలకరి, మొదలైంది. గది చల్లబడింది. హీటరు ఏమనుకుంది? అయ్యో, గుడ్లకు చలి పెడుతోంది అనుకుంది. ఇక ఆగలేదు. శ్యామలమ్మకు ఒక అలవాటుంది. గుడ్డును తీసి కనురెప్పకు ఆనించి వేడి చూస్తుంది. ఆమె తలుపు తీసి గుడ్డు పట్టుకునేసరికే చెయ్యి కాలింది. వెంటనే సాబ్‌కు ఫోన్ చేసింది. "సాబ్, నీ డబ్బ పిల్లలు చేస్తలేదు, గుడ్లు ఉడకబెడ్తాంది. జర ఉప్పుకారం గూడ పంపు."

మూడు వందల్లో ఒక్క పిల్ల కూడా రాలేదు. ఆమె ఏడాది ఆశ అది. మేమిద్దరం బస్సులో నకిరేకల్ వెళ్లాం. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె వాకిట్లో సాబ్ వెనక దాక్కుని నిలబడ్డాను. సాబ్ ఏమన్నారో తెలుసా? "అమ్మా, తప్పు వానది గాదు, కరెంటుది గాదు. మాది." మాది అన్నారు. ఈ పిల్లది అనలేదు. నా వైపు తిరిగి కూడా చూడలేదు. ఆ ఒక్క మాటకు నేను ఆయనకు బతికినంత కాలం రుణపడి ఉంటాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. కండక్టరు భయపడి చూశాడు. "బేటీ, గీ తప్పు చలిదేశంల ఎవ్వడన్న చేస్తడా? చేసిన గడియల్నే దొరికిపోతడు. గుడ్డుకు, గదికి ఒక్కటే వేడి ఉండేటి జాగల ఉన్నోళ్లం, మన నల్లగొండోళ్లమే చెయ్యగలుగుతం!" చౌటుప్పల్ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు. నేనూ నవ్వాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఆ డ్రైవర్‌ను తిరగరాశారు. ఇప్పుడు హీటరు డ్రైవర్ లోపలే రెండు ఛానళ్లనూ అడుగుతుంది. రెండూ చాలాసేపు ఒకే అంకె చెబితే నమ్మదు. హీటరు కొంచెం వేసి చూస్తుంది. ఏ ఛానల్ కదిలితే అది గుడ్లది. తప్పుది కదిలితే హీటరు ఆపేసి గంట కొడుతుంది. సాబ్‌కు నమ్మకం కుదిరింది. శ్యామలమ్మకు కుదరొద్దా? ఆయన నెలనెలా నకిరేకల్ వెళ్లేవారు. ఆమె చాయ్ ఇచ్చేది, గుడ్లు ఇచ్చేది కాదు. ఊళ్లో ఇంకెవరు అడిగినా డబ్బా ఇవ్వనని సాబ్ పంతం పట్టారు. మొదట శ్యామలమ్మ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. కార్ఖానా మూతపడుతుందేమోనని నేను పోట్లాడాను. వినలేదు.

చివరికి ఈ మే నెలలో ఆమె అన్నది. "నువ్వు పక్కన కూసుంటనంటే పెడ్త. ఇరవై ఒక్క దినం. గుడ్లను ఒంటరిగ ఇడువొద్దు." సాబ్ సరేనన్నారు. మే పంతొమ్మిదిన ఆమె మూడు వందల గుడ్లను వరిపొట్టులో పేర్చుకుని, బుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సులో కార్ఖానాకు తెచ్చింది. సాబ్ డబ్బా పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నారు. మడతమంచం అక్కడికే తెప్పించారు. జులేఖమ్మ క్యారియరు పంపేది. పొద్దున్నే గుడ్లకు సలాం చెప్పి, పేపరు చదివి వినిపించేవారు. పన్నెండు రోజులు అట్లా కూర్చున్నారు.

పదమూడో రోజు కాలేదు. మే ముప్పై ఒకటిన, స్నానం చేసి వస్తానని ఇంటికి వెళ్లారు. తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున కార్ఖానా ముందు శ్యామలమ్మ చేతిసంచీతో నిలబడి ఉంది. గుడ్లు తీసుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. ఆమెను ఏమని ఆపను? మాటిచ్చిన మనిషే లేడు. తాళం తీశాను. ఆమె డబ్బా తెరిచింది, ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుంది, మళ్లీ లోపల పెట్టింది. నీలం కుర్చీ కొంగుతో తుడిచి కూర్చుంది. "నాకు మాటిచ్చిండు గదా బిడ్డా. ఆయన కూసునేటియి తొమ్మిది దినాలు మిగిలినయి. నేను కూసుంట." సంచీలో ఉన్నవి ఆమె చీరలు.

అమ్మలారా, అయ్యలారా, అసలు పరీక్ష అప్పటికింకా రాలేదు. మొన్న శుక్రవారం వచ్చింది. మిరుగం వాన! మధ్యాహ్నం రేకులు దద్దరిల్లేలా కురిసింది. నేను పక్కనున్న హోటల్లో ఉన్నాను, తడుస్తూ మెట్లెక్కి పరుగెత్తాను. గది ముప్పై ఎనిమిది నుంచి ఇరవై ఏడుకు పడిపోయింది. కరెంటు మిణుకుమిణుకుమంది. తెర బిగుసుకుపోయింది. నేను రాసిన తెరే, ఇంకెవరిది! అంకె కనిపించడం లేదు. హీటరు దీపం వెలుగుతోంది, ఆరుతోంది. లోపల ఏముందో తెలియదు. ప్లగ్గు పీకేద్దామని వంగాను. శ్యామలమ్మ నా చెయ్యి పట్టుకుంది. గుడ్డు తీసింది. కన్ను మూసుకుని రెప్పకు ఆనించింది. ఎంతసేపో! "సల్లగ లేదు, ఉడుకు లేదు. తల్లి కింద ఉన్నట్టే ఉన్నది. ముట్టకు."

బయటి గది పడిపోయింది. లోపలి గదిలో సాబ్ రాసినది తన పని తాను చేసుకుంటోంది. నేను అక్కడే నేల మీద కూర్చుని బోరున ఏడ్చాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఏడవలేదు.

ఇవాళ ఇరవై ఒకటో రోజు. తెల్లవారగానే మొదటి గుడ్డు పగిలింది. నేను ఇక్కడికి బయలుదేరేసరికి నూట ఎనభై మూడు. ఇంకా వస్తూనే ఉన్నాయి. అందుకే శ్యామలమ్మ ఈ సభలో లేదు. దినం పూర్తిగా గడిచేదాకా కుర్చీ దిగనంది. సాబ్ ఇచ్చిన మాట ఇవాళ పొద్దుగూకేసరికి తీరిపోతుంది. రేపటి నుంచి తన వాడకట్టు ఆడవాళ్లందరికీ డబ్బాలు కావాలని కబురు చేసింది. కార్ఖానా మూతపడదు, జులేఖమ్మా. ఆ ఫికర్ నువ్వు పెట్టుకోకు.

ఆమె ఇంకొకటి కూడా పంపింది. ఇందాకటి నుంచి మీరంతా ఆ చప్పుడు ఎక్కడిదని అటూ ఇటూ చూస్తున్నారు. ఫొటో పక్కన బల్ల కింద ఉన్న బుట్ట అది. అందులో ఇరవై మంది ఉన్నారు.

ఇప్పుడు అందరూ ఒక్కసారి లేచి నిలబడండి. ముస్తకీమ్ సాబ్ కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. ఫోన్లు ఆపండి, మాటలు ఆపండి, దగ్గు వచ్చినా ఆపుకోండి. బుట్టలో వాళ్లు మాత్రం మౌనం పాటించరు. వాళ్లను ఎవరూ ఊరుకోబెట్టకండి.