ఆదివారం వాల్యుయేషన్

"ఇఫ్ మై హస్బెండ్ వర్ ఎ కుక్కర్, హి వుడ్ అట్ లీస్ట్ విజిల్."

"వ్యాకరణం నిలబడిందమ్మా. మావాడి పరువే పోయింది."

తార్నాక నుంచి ఆటోలో వచ్చి, క్యాంపస్‌లో పరీక్ష హాలు ఎదుట బెంచీ మీద కూర్చున్నారు అత్తాకోడళ్లు. కోడలి ఎమ్మే ఇంగ్లీషు ఎంట్రన్సుకి ఇంకా పావుగంట ఉంది. రిటైరైన ఇంగ్లీషు టీచరు అత్తగారిదే ట్యూషను.

"ఇప్పుడు, జరగాల్సి ఉండీ జరగనిదాని మీద ఒకటి చెప్పు."

కోడలు ఆ వాక్యాన్ని పదకొండేళ్లుగా సిద్ధంగానే ఉంచుకుంది.

"ఇఫ్ యూ హాడ్ లుక్డ్ ఆఫ్టర్ ది బేబీ దట్ డే, ఐ వుడ్ హావ్ రిటెన్ దిస్ ఎగ్జామ్ దెన్."

"క్రియలన్నీ కరెక్టే." అత్తగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "కానీ ఆ రోజు నాకు స్పాట్ వాల్యుయేషన్ కదా, పిల్లాణ్ణి ఎలా చూసుకోను?"

"ఆదివారం కూడా పేపర్లు దిద్దించారా, అత్తయ్యా?"

గేటు తీశారు. కోడలు హాల్ టికెట్ పట్టుకుని లేచింది.

"ఆగవే. వాల్యుయేషనూ లేదు, ఏమీ లేదు. మెట్టుగూడలో మా చెల్లెలింట్లో కూర్చుని టీవీ చూశాను. నాకంటే పెద్ద చదువు చదివేస్తావని కడుపుమంట. ఇవాళ మనవడికి అన్నం నేను పెడతాలే, నిదానంగా రాసిరా. ఆ రోజు తప్పు నాదే."